నడుము నొప్పి టైంలో నాకు అండగా నిలబడ్డ మీ అందరికీ థాంక్స్

అందరికీ నమస్తే అండి. చాలా రోజుల్నుంచి రాయాలనుకుంటున్నా, కుర్చీలో స్థిమితంగా కూర్చుని టైప్ చెయ్యగలిగే స్థితి ఇప్పటికి వచ్చింది, అందుకే ముందు ఈ పనే చేస్తున్నా. మీలో నాకు ఎక్కువగా సాయం చేసిన ముగ్గురూ తమ పేర్లు పెట్టొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి పెట్టట్లేదు, ఎవరి గురించి రాస్తున్నానో వాళ్ళకి తెలుస్తుంది.

విషయం తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. కొన్ని నెలల కింద నడుము పట్టేసి ఎడమ కాలు పిక్క దాకా లాగేస్తుంటే ఎమ్మారై తీయించారు, ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 దగ్గర, అంటే నడుము అడుగున ఉన్న చివరి రెండు డిస్కుల్లో (వెన్నుపూసల మధ్య మెత్తల్లాంటివి) డిస్క్ డీజెనరేషన్ అంటే అరుగుదల, డిస్క్ బల్జ్ అంటే ఉబ్బి బయటికి రావడం, అది నరానికి తగులుతోంది అని రిపోర్ట్ వచ్చింది. నేను చూపించుకున్న చోట "డిస్కులు అరిగిపోయాయమ్మా, ఇక వంగకు, బరువులెత్తకు, ఆపరేషన్ గురించి ఇంట్లో మాట్లాడుకోండి" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఇంట్లో ఏడాది నిండని పిల్ల ఉంది. ఇంక దాన్ని ఎత్తుకోలేనా అన్న దిగులుతోనే సగం నిద్ర పోయేది.

ఆ రిపోర్ట్ ఇక్కడ పెట్టి సాయం అడిగితే మొదట ఫోన్ చేసింది రేడియాలజీ అక్క, అంటే స్కాన్లు చదివే డాక్టర్. రిపోర్ట్ ఊసే ఎత్తకుండా "చెల్లీ, మడమల మీద నాలుగడుగులు వెయ్యగలుగుతున్నావా? మునివేళ్ళ మీద? మూత్రం వచ్చేది తెలుస్తోందా? కూర్చునే చోట తిమ్మిరేమైనా ఉందా?" అని ఒక్కొక్కటే అడిగింది. అవన్నీ బాగున్నాయని తేలాకే స్కాన్ బొమ్మలు పంపమని, వాటి మీద గీతలు గీసి తిరిగి పంపింది. పై డిస్కులన్నీ మధ్యలో తెల్లగా మెరుస్తున్నాయి, కింద రెండూ నల్లగా ఉన్నాయి. ఆ తెలుపు డిస్క్‌లో ఉన్న నీరు, నీరు తగ్గేకొద్దీ నల్లబడుతుంది, నొప్పి లేనివాళ్ళలో కూడా ఇలాంటివి బోలెడు చూస్తుంటాం అని చెప్పింది.

అక్క ఊరికే ధైర్యం చెప్పి వదిలెయ్యలేదు, రీసెర్చ్ పేపర్లు తెరిచి నాకర్థమయ్యే భాషలో చదివి వినిపించింది. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీశారట, నొప్పి ఉన్నవాళ్ళ స్కాన్లు కూడా మధ్యలో కలిపేసి ఎవరివి ఏవో చెప్పకుండా డాక్టర్ల చేత చదివించారట. నొప్పి లేనివాళ్ళలో 52 శాతం మందికి ఎక్కడో ఒకచోట బల్జ్ ఉంది, డిస్కులన్నీ నార్మల్‌గా ఉన్నవాళ్ళు 36 శాతమే. 2015లో ఇలాంటి స్టడీలు 33 కలిపి చూస్తే, ఏ నొప్పీ లేకపోయినా 20 ఏళ్ళవాళ్ళలో 37 శాతం, 30 ఏళ్ళవాళ్ళలో 52 శాతం, 80 ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి డిస్క్ డీజెనరేషన్ కనిపించింది. ఆ నంబర్లు విన్నాక ఆ రాత్రి నిజంగా కంటినిండా నిద్రపోయా.

ఇక్కడ నేను అసలు చూడని మనుషులకి కూడా థాంక్స్ చెప్పాలనిపిస్తోంది. ఏ నొప్పీ లేకుండా, వాళ్ళకి ఒరిగేదేమీ లేకపోయినా ఆ మెషీన్ గొట్టంలో కదలకుండా పడుకుని స్కాన్ ఇచ్చినవాళ్ళున్నారు కదా, వాళ్ళు అలా ఇవ్వకపోతే నా రిపోర్ట్‌ని దేంతో పోల్చి చూసేవాళ్ళు? ఫిన్లాండ్‌లో ఒకేలా ఉండే కవలలు కూడా అంతే, ఒకరు బరువు పని చేసేవాళ్ళు, ఇంకొకరు అలాంటిది లేనివాళ్ళు, ఇద్దరి వెన్నులూ పక్కపక్కన పెట్టి చూస్తే డిస్కులు పాడవడంలో బరువుల పాత్ర అనుకున్నంత లేదు, వంశపారంపర్యంగా వచ్చినదే చాలా ఎక్కువ అని తేలింది. పిల్లని ఎత్తుకునే ఇలా చేసుకున్నావని నన్ను అన్నవాళ్ళున్నారు. ఆ కవలల పుణ్యమా అని ఆ మాట మనసులోంచి పోయింది.

రెండో థాంక్స్ డిస్క్ కణాల మీద రీసెర్చ్ చేసే అన్నయ్యకి. నా నొప్పి నిజమని మొదట ఒప్పుకున్నది ఆయనే. "స్కాన్‌లో అందరికీ ఉంటుంది అంటే నీకు నొప్పి లేదని కాదమ్మా" అని, 50 ఏళ్ళ లోపు వాళ్ళలో చూస్తే నొప్పి ఉన్నవాళ్ళకే ఈ మార్పులు ఎక్కువని చూపించే రివ్యూ కూడా ఉందని దాచకుండా చెప్పారు. పెద్దవాళ్ళ డిస్క్ లోపల రక్తనాళాలే ఉండవట, పైనా కిందా ఎముక వైపు నుంచి మెల్లగా ఇంకే పోషణతోనే ఆ కణాలు బతకాలట, అందుకే పాడైతే తిరిగి కట్టుకోవడం అంత కష్టం. బాగా దెబ్బతిన్న డిస్కుల్లోకి సన్నటి నరాలు చొచ్చుకుపోతాయని కూడా 1990ల్లోనే కనిపెట్టారు. ఇంకో మంచి మాట చెప్పారు, బయటికి జారిన డిస్క్ ముక్కని మన రోగనిరోధక కణాలే తినేసి కరిగిస్తాయట, చిత్రంగా పెద్ద ముక్కలే ఎక్కువగా కరుగుతాయట. ఇక ఆపరేషన్ సంగతి, 2007లో నెదర్లాండ్స్ వాళ్ళ ట్రయల్‌లో సయాటికాకి (నడుము దగ్గర నరం నొక్కుకుని కాల్లోకి లాగే నొప్పి) త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి, ఆగి చూసినవాళ్ళకంటే నొప్పి ముందు తగ్గింది కానీ ఏడాది తిరిగేసరికి రెండు గ్రూపులూ దాదాపు ఒకేచోట ఉన్నాయి. నువ్వు చేయించుకో అనీ అనలేదు, వద్దు అనీ అనలేదు. ఆ గౌరవం నాకు చాలా విలువైంది.

మూడోది ఫిజియో తమ్ముడికి. వీడియో కాల్‌లో నన్ను నిలబెట్టి, కూర్చోబెట్టి, మంచం మీంచి పక్కకి తిరిగి ఎలా లేవాలో ఎంత ఓపిగ్గా చూపించాడో. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి అక్కా, అందుకే నిద్రలేవగానే వంగడం కష్టం, కాసేపు అటూ ఇటూ తిరిగాక వంగు అన్నాడు. ఇప్పుడు పిల్లకి సాక్సులు కొంచెం ఆగాకే తొడుగుతున్నా, ఈ ఒక్క చిన్న మార్పుతో నాకు పొద్దున్న పూట ఎంత తేడానో. నడక కూడా వాడే మొదలుపెట్టించాడు, ఆస్ట్రేలియాలో 701 మందితో చేసి 2024లో వచ్చిన ట్రయల్ చూపించి మరీ, నడిచినవాళ్ళలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, నడవనివాళ్ళకి 112 రోజులే. నొప్పి పూర్తిగా పోలేదండి, ఎక్కువసేపు నిలబడితే కాలు ఇంకా లాగుతుంది. కానీ పిల్లని ఎత్తుకుంటున్నా.

ఎవరికైనా రిపోర్ట్ చూసి గుండె జారిపోయి ఉంటే నాకు మెసేజ్ చెయ్యండి, వాళ్ళు చెప్పినవన్నీ రాసిపెట్టుకున్నా, డాక్టర్ని ఏమేం అడగాలో కూడా అందులో ఉంది, పంపిస్తా. కానీ పాదం పైకి లేవకపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, మూత్రం మీద పట్టు తప్పినా మెసేజ్ పెట్టి ఎదురుచూడొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి.