సీటు కంటే ముందు జరగవలసిన కౌన్సెలింగ్

తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

గత నెలలో తొమ్మిదో తరగతి పిల్లల చేత ‘శనివారం కౌన్సెలింగ్ ఉంది, తప్పక రాగలరు’ అని చీటీలు పంపాము. ఆ రోజు ఒక తల్లి, పాప ఆధార్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, పాత మార్కుల జాబితాలు అన్నీ ప్లాస్టిక్ కవరులో సర్దుకొని, ఎనిమిదిన్నరకే వచ్చి వరండాలో కూర్చున్నారు. మరొక తండ్రి ముందు రోజు రాత్రే ఫోన్ చేసి, “మావాడు ఏం తప్పు చేశాడమ్మా?” అని బెంగగా అడిగారు. వారిద్దరూ అలా అనుకోవడం సహజమే. మన వాడుకలో కౌన్సెలింగ్ అంటే సీట్ల కేటాయింపు, లేదంటే పోలీసులు ఎవరినైనా కూర్చోబెట్టి మందలించి పంపడం. ఆ మాటకు మా ఉద్దేశంలో ఉన్న అర్థాన్ని చీటీలో రాయకపోవడం నా పొరపాటు. అందుకే ఈ నెల వార్తాలేఖను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

మేము చెప్పే కౌన్సెలింగ్ సీటు కంటే ఏడాదిన్నర, రెండేళ్లు ముందు మొదలు కావలసినది. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన, చదువు ముగించి పని వెతుక్కునే యువతకు దారి చూపడానికి ఒక కేంద్రం తెరిచినప్పుడు, అందులో మూడే పనులు పెట్టుకున్నారు: తన శక్తి, ఇష్టం ఏమిటో పిల్లవాడు తెలుసుకోవడం, లోకంలో ఏయే పనులున్నాయో, వాటికి ఏం కావాలో తెలుసుకోవడం, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని ఆలోచించడం. ఈనాటికీ ఈ విద్యకు పునాది అదే. మన దేశంలోనూ 1952–53 నాటి మొదలియార్ కమిషన్, ఆ తర్వాత 1964–66 నాటి కొఠారి కమిషన్ మార్గదర్శనం బడి చదువులో భాగంగా ఉండాలని చెప్పాయి. ఇన్నేళ్లు గడిచినా మన వంటి చిన్న ఊళ్లలో అది మెట్రిక్ (పదో తరగతి) ఫలితాలకూ కాలేజీ దరఖాస్తుకూ మధ్య నాలుగు రోజుల హడావిడిగానే మిగిలిపోయిందని చెప్పడానికి నాకు బాధగా ఉంది. విశాఖలో ఉన్న మేనమామ ఒక కాలేజీ పేరు చెబుతారు, ఎదురింటి వాళ్ల అబ్బాయి అందులోనే చేరాడని తెలుస్తుంది, అడ్వాన్సు కట్టేస్తారు. పిల్లవాడిని అడిగేది చివరిలో, అదీ ‘చేరతావు కదూ’ అని మాత్రమే.

నేను కూడా ఇటువంటి సలహా ఒకటి ఇచ్చాను. కొన్నేళ్ల క్రితం బడి బోరు మోటారు ఆగిపోయి, మధ్యాహ్న భోజనం వేళకు కుళాయిల్లో నీళ్లు రాలేదు. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ముందుకు వచ్చి, మా అటెండరు చేత మెయిన్ ఆపించి, స్టార్టరు పెట్టె మూత విప్పి, కాంటాక్టుల మీద పేరుకున్న మసిని గరుకు కాగితంతో రుద్ది, మూత బిగించాడు, మోటారు తిరిగింది. ఆ సాయంత్రమే వాళ్ల నాన్నగారిని పిలిపించి, “వీణ్ణి ఇంజినీరింగ్ చదివించండి” అని ఎంతో సంతోషంగా చెప్పాను. ఆయన నా మాట మీద అప్పు చేసి కొడుకును హాస్టల్ ఉన్న కాలేజీలో చేర్చారు. లెక్కలు ఆ పిల్లవాడికి మొదటి నుంచీ భారమే, ఆ సంగతి నా రిజిస్టరులోనే ఉంది. రెండేళ్ల తర్వాత లెక్కల్లో తప్పి ఇంటికి వచ్చి, దాదాపు ఏడాది పాటు గడప దాటలేదు. తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి ఇప్పుడు పనిలో ఉన్నాడు, బాగున్నాడు. కాని ఆ కుటుంబం పోగొట్టుకున్న డబ్బు, ఆ పిల్లవాడు తన మీద తాను పోగొట్టుకున్న నమ్మకం నా తొందర వల్ల పోయినవే.

నేను చూసింది వాడి చేతిలోని నేర్పు. చెప్పింది మాత్రం నాకు తెలిసిన ఒకే ఒక్క దారి. మెట్రిక్ తర్వాత మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా ఉందని, అందులో పని నేర్చుకుంటూ లెక్కలకు కాస్త వ్యవధి తీసుకోవచ్చని, డిప్లొమా ముగించినవారు కావాలనుకుంటే లేటరల్ ఎంట్రీ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలోకి నేరుగా వెళ్లవచ్చని, రెండేళ్ల ఐటీఐ చేసినవారికి కూడా డిప్లొమా దారి మూసుకుపోదని ఆ తండ్రికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినదాన్ని నేనే. ఉపాధ్యాయుల అభిమానం ఒక్కటే మార్గదర్శనం కాదని ఆ రోజు నుంచి నమ్ముతున్నాను.

మన పర్లాకిమిడిలో ఈ పని మరింత జాగ్రత్తగా చేయవలసి రావడానికి కారణం మన సరిహద్దు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పటి నుంచి మహేంద్రతనయ నదికి ఈ ఒడ్డున మనది ఒడిశా, ఆ ఒడ్డున పాతపట్నంలో మరొక రాష్ట్రం, ఇప్పటి ఆంధ్రప్రదేశ్. సంబంధాలకు, సంతకు, ఆసుపత్రికి ఆ గీత మనకు అడ్డు రాదు. చదువుకు, ఉద్యోగానికి వస్తుంది. అటు ఇంటర్ అంటారు, ఇటు ప్లస్ టూ అంటారు, రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. ఒడిశాలో ప్లస్ టూ సైన్స్ తీసుకున్న విద్యార్థి గణితం, జీవశాస్త్రం రెండూ కలిపి చదువుకోవచ్చు. ఇంజినీరింగా, వైద్యమా, వ్యవసాయమా అని పదహారేళ్ల వయసులో తేల్చుకోలేని పిల్లలకు అది రెండేళ్ల గడువు ఇస్తుంది. అవతల ఎంపీసీ, బైపీసీ అనే మాటలకు అలవాటు పడిన మన ఇళ్లలో ఈ సౌకర్యం గురించి తెలియక, పిల్లల్ని ముందే ఒక వైపు నెట్టేస్తున్నాము.

అలాగే ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ వంటి కోర్సుల సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకు కేటాయిస్తారు. స్థానికత తేల్చేటప్పుడు అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారనేది చూస్తారు. బడి చదువంతా ఇక్కడ ముగించి, ఇంటర్ రెండేళ్లు మాత్రం శ్రీకాకుళంలోనో విశాఖలోనో చదివిన మన పిల్లవాడు అక్కడ స్థానికుడు కాకపోవచ్చు. ఇక్కడి సీటు కోసం తిరిగి వచ్చినప్పుడు నివాస ధ్రువీకరణ పత్రాల కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగవలసి రావచ్చు. అటు వెళ్లవద్దని నేను అనడం లేదు. వెళ్లి చక్కగా స్థిరపడిన మన పిల్లలు ఎందరో ఉన్నారు. వెళ్లేముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలని మాత్రం కోరుతున్నాను.

ఇంతకంటే ముఖ్యమైనది, దాదాపు ఎవరూ అడగనిది, ఒడియా సంగతి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనలు చూస్తే, అభ్యర్థి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం తెలిసినవాడై ఉండాలని, మిడిల్ స్కూల్ (ఏడో తరగతి) స్థాయిలో ఒడియాను ఒక భాషగా చదివి ఉత్తీర్ణుడై ఉండాలని, లేదా ఆ స్థాయికి సమానమైన పరీక్ష నెగ్గి ఉండాలని రాసి ఉంటుంది. అంటే ఆరో తరగతిలో పిల్లవాడిని ఒడియా లేని బడికి మార్చినప్పుడే, మీకు తెలియకుండానే, పదేళ్ల తర్వాతి ఉద్యోగం గురించి ఒక నిర్ణయం జరిగిపోతోంది. తెలుగు మన ఇంటి భాష, దాన్ని వదులుకోమని ఏ ఉపాధ్యాయుడూ చెప్పకూడదు. దానితో పాటు ఒడియా కూడా గట్టిగా నేర్చుకున్న మన పిల్లలకు బ్యాంకులోనైనా, బడిలోనైనా, ఆసుపత్రిలోనైనా రెండు వైపులా తలుపులు తెరిచి ఉంటాయి.

ఇక మేము పిల్లలతో కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో చెబుతాను. మొదటి రోజు ఒక తెల్లకాగితం ఇచ్చి రెండే ప్రశ్నలు అడుగుతాము: నువ్వు ఏం కావాలనుకుంటున్నావు? ఎవరూ చెప్పకుండానే నువ్వు చేసే పని ఏమిటి? ఈసారి ఒక అమ్మాయి మొదటి ప్రశ్నకు ‘బ్యాంకు ఉద్యోగం’ అని రాసింది. రెండోదానికి, ‘తాతయ్య కొమ్ముకు ఆకురాయి పడుతున్నప్పుడు కొంగ మెడ ఎక్కడ వంగాలో నేను పెన్సిలుతో గీసి ఇస్తాను’ అని రాసి, పక్కనే ఆ కొంగను గీసింది. వంపు మొదలయ్యే చోట గీత సన్నగా, పొట్ట దగ్గర మందంగా, ఒక్క చెరుపు కూడా లేకుండా ఉంది. పశువుల కొమ్ములతో బొమ్మలు మలిచే మన ఊరి కొమ్ము పని పేరు దేశమంతా తెలుసు. దాన్ని కళ్లారా చూస్తూ పెరిగిన ఆ పాపకు, గీయడం, మలచడం ఒక చదువు అని, భువనేశ్వర్‌లో నిఫ్ట్ అనే జాతీయ ఫ్యాషన్ సంస్థ, ఆంధ్రప్రదేశ్‌లో 2015లో మొదలైన జాతీయ డిజైన్ సంస్థ ఆ చదువే చెబుతాయని తెలియదు. మేము చెప్పాము. ఆ పాప రేపు బ్యాంకు ఉద్యోగమే కోరుకోవచ్చు, అది కూడా మంచి నిర్ణయమే. రెండో దారి ఉందని తెలిసి కోరుకోవడం వేరు, తెలియక కోరుకోవడం వేరు.

రెండో విడతలో సహజ సామర్థ్యాన్ని చూసే పరీక్ష ఉంటుంది. సీబీఎస్ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి 2019లో తొమ్మిది, పది తరగతుల వారి కోసం తెచ్చిన ‘తమన్నా’ అనే పరీక్ష భాష, అంకెలు, తర్కం, యంత్రాల తీరు, ఆకారాల ఊహ వంటి ఏడు అంశాలను విడివిడిగా చూస్తుంది. అందులో పాస్, ఫెయిల్ అనేవి లేవు. అటువంటి పరీక్షలో వచ్చిన ఫలితాన్ని జాతకంలా చూడవద్దని గట్టిగా కోరుతున్నాను. అది పిల్లతో మాట మొదలుపెట్టడానికి పనికివస్తుంది. ఫీజు తీసుకొని, గంటలో రంగురంగుల రిపోర్టు ఇచ్చి, మీ అబ్బాయి ఫలానాకే పనికివస్తాడని తేల్చి చెప్పేవారి మాట నమ్మి పిల్లల మీద ముద్ర వేయకండి. మా ఉపాధ్యాయులెవరైనా ‘మీ వాడు సైన్సుకు పనికిరాడు’ అని ఒక్క మాటలో తేల్చేస్తే, ఆ సంగతి నా దృష్టికి తీసుకురండి. అది కూడా కౌన్సెలింగ్ కాదు.

ఈ మాటలన్నీ పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలోనే జరగాలని నియమం పెట్టుకున్నాము. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊరి బడిలో పాఠాలు చెబుతూనే సవర గిరిజనుల భాష నేర్చుకొని, ఆ భాషలో వారి పిల్లలకు వాచకాలు రాశారు. పిల్లవాడి మాట వినాలంటే ముందు గురువు వాడి భాషలోకి వెళ్లాలని చూపిన ఊరు మనది. సవర ఇళ్ల నుంచి, ఒడియా ఇళ్ల నుంచి వచ్చే పిల్లలతో ఆ భాషలు తెలిసిన ఉపాధ్యాయులే కూర్చుంటున్నారు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. అమ్మాయి విషయంలో మనం సాధారణంగా ముందు కాలేజీ ఎంత దగ్గరో చూసి, తర్వాత అక్కడ ఏ కోర్సు ఉందో చూస్తాము. మీ భయాన్ని నేను తక్కువ చేయను, నేనూ ఒక కూతురి తల్లినే. అయితే ఆ భయాన్ని ‘వద్దు’ అనే ఒక్క మాటలో కాక, హాస్టల్ ఎలా ఉంది, వార్డెన్ ఎవరు, రైలు ఎన్ని గంటలకు, మన వాళ్లు ఎవరున్నారు అనే ప్రశ్నల రూపంలో మా దగ్గరకు తీసుకురండి. వాటిలో చాలావాటికి సమాధానాలు సంపాదించగలము. డబ్బు అడ్డమైతే అది కూడా దాచకుండా చెప్పండి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ అనే జాతీయ ఉపకార వేతన పరీక్షలో ఎంపికైన పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. దరఖాస్తు గడువు దాటాక తెలుసుకునే కుటుంబాలను ప్రతి సంవత్సరం చూస్తున్నాను.

వచ్చే నెల నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం భోజనాల తర్వాత, ఒక్కొక్క కుటుంబానికి అరగంట చొప్పున, లైబ్రరీ గదిలో కూర్చుంటాము. కూలి పని పోతుందనుకునేవారు సాయంత్రం ఆరు తర్వాత వచ్చినా ఎవరో ఒకరం ఉంటాము. తల్లీ తండ్రీ ఇద్దరూ రాగలిగితే మంచిది. నాన్నగారు వలస పనిలో ఉంటే ఫోన్‌లో కలుపుకుందాము. అరగంటలో మొదటి పది నిమిషాలు పిల్ల మాట్లాడుతుంది. ఆ పది నిమిషాలు మధ్యలో సరిదిద్దవద్దని, నవ్వవద్దని, పిల్ల ఆగిపోతే మీరు పూరించవద్దని ప్రార్థన. మొన్నటి సమావేశంలో ఒక పిల్లవాడు నాలుగు నిమిషాలు మౌనంగా కూర్చొని, ఐదో నిమిషంలో తనకు చేపల చెరువుల పని ఇష్టమని చెప్పాడు. ఆ తండ్రి ఆ మాట మొదటిసారి విన్నారు. బరంపురం పక్కన రంగైలుండలో మత్స్య కళాశాల ఉందన్న సంగతి ఆ రోజు తండ్రీకొడుకులిద్దరూ కలిసి తెలుసుకున్నారు.

సర్టిఫికెట్లు ఏవీ అవసరం లేదు. ఏడో తరగతి మార్కుల జాబితా ఒక్కటి మాత్రం వెంట తీసుకురండి. అందులో ఒడియా ఉందో లేదో ముందుగా చూద్దాము.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
పర్లాకిమిడి, గజపతి జిల్లా