మట్టి రోడ్డు మీద కూడా నడిపి రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి. మీ పేపర్లో జీపుల గురించి రాసేటప్పుడు స్క్రీను, సన్‌రూఫ్ సంగతే ఎక్కువ ఉంటోంది, మాలాంటోళ్లకి కావాల్సింది అది కాదండి. మాది గుంటూరు, పొలం ప్రత్తిపాడు వైపు, నల్లరేగడి, ఒక్క గట్టి వాన పడితే చక్రాలకి బంకమట్టి పట్టేసి మామూలు కారు కదలదు. నా మనసంతా మూడు డోర్ల మహీంద్రా థార్ మీదే, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2450 మిల్లీమీటర్లే కాబట్టి డొంకలో ఈజీగా తిరుగుద్ది, కానీ మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, ముందు సీటు జరిపి వెనక్కి ఎక్కడం ఆవిడ వల్ల కాదు. అదే థార్‌లో పొడుగు మోడల్ రాక్స్ అయితే 5 డోర్లు, వీల్‌బేస్ 2850, విజయవాడ హాస్పిటల్‌కి హాయిగా కూర్చుని వెళ్తది, కాకపోతే దాన్లో ఫోర్ బై ఫోర్, అంటే ఇంజను నాలుగు చక్రాలనీ తిప్పేది, డీజిల్‌కే ఇచ్చారు, పెట్రోల్‌ది వెనక చక్రాలే తిప్పుద్ది. ఈ తేడా పెద్దక్షరాల్లో రాయాలండి, మా బావమరిది చూడ్డానికి జీపులా ఉందని ఒక టూ వీల్ డ్రైవ్ బండి కొన్నాడు, పోయిన వానాకాలం ట్రాక్టర్ కట్టి లాగాం. నేనైతే అమ్మ కోసం రాక్స్ డీజిల్ ఫోర్ బై ఫోర్‌కే ఫిక్స్ అయ్యా. లో రేంజ్ గేరు ఎప్పుడు వెయ్యాలో, డిఫరెన్షియల్ లాక్ ఎందుకో మీరు ఒకసారి వివరంగా రాయండి.

- ఒక రైతు, గుంటూరు