ద్రాస్‌లో చలి ఎంతో నరసాపురానికీ చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రికలో రోజూ వేసే ఉష్ణోగ్రతల పట్టిక గురించి రాస్తున్నాను. అందులో విజయవాడ, విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, హైదరాబాద్ ఉంటాయి. చలి ముదిరితే అరకు, లంబసింగి వచ్చి చేరతాయి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కశ్మీరు, లద్దాఖ్‌లలోని ఇంకో నాలుగు ఊళ్ల పేర్లు కలపమని నా విన్నపం: శ్రీనగర్, ద్రాస్, కార్గిల్, లేహ్. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లకు అక్కడి చలితో పనేమిటని మీ కార్యాలయంలో ఎవరైనా అడగవచ్చు. ఆ పని ఏమిటో చెప్పాలనే ఉత్తరం ఇంత పొడుగు రాస్తున్నాను.

నేను మిలిటరీ నర్సింగ్ సర్వీసులో పనిచేసి రిటైరయ్యాను. సొంతూరు నరసాపురం. ఉద్యోగంలో నా చలికాలాలు ఎక్కువగా శ్రీనగర్‌లో, కొన్ని లేహ్‌లో గడిచాయి. ఎండ తగ్గాక వలంధర రేవు దగ్గర మేము కొందరం కూర్చుంటాం. శ్రీనగర్ నుంచి లేహ్‌కు సైన్యం లారీలు నడిపిన సుబేదారు గారు, భర్త ఉద్యోగం వల్ల శ్రీనగర్ క్వార్టర్సులో కాపురం చేసి వచ్చిన వదినగారు, ఇద్దరు కొడుకులూ ఇప్పుడు అటువైపే ఉన్న మాస్టారు, కాళ్ల పట్టీ మందు అడగడానికి వచ్చి మాతో ఉండిపోయే ఒక కౌలు రైతు. మిగతా కాలంలో చేపల ధర, కాలువ నీళ్లు, పెళ్లిళ్లు మాట్లాడుకుంటాం. డిసెంబర్ వచ్చిందంటే మాటలన్నీ మంచు మీదకే మళ్లుతాయి.

"సిస్టర్ గారూ, డాల్ సరస్సు అంచులు అప్పుడే గడ్డకట్టాయట" అని వదినగారు మొదలుపెడతారు. "డాల్ సంగతి సరే అమ్మా, జోజిలా మూశారో లేదో అది చెప్పండి" అంటారు సుబేదారు గారు. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే దారిలోని కనుమ అది. ఆయనకు లోకమంతా ఆ కనుమకు ఇవతల, అవతల అనే లెక్క. మాస్టారు మాత్రం ఏమీ అనకుండా ఫోను తీసి కొడుకు పంపిన ఫొటో చూపిస్తారు. గుడారం తాడు మీద జానెడు మంచు. అందరం ఆ ఫొటో చేతులు మార్చుకుని చూస్తాం.

కశ్మీరువాళ్లు డిసెంబర్ 21 నుంచి 40 రోజులను చిల్లై కలాన్ అంటారు. చలికాలంలో అసలైన భాగం అది. తర్వాతి 20 రోజులు చిల్లై ఖుర్ద్, ఆ తర్వాతి 10 రోజులు చిల్లై బచ్చా. ఇక్కడ ధనుర్మాసం నెలపట్టిన అయిదారు రోజులకే అక్కడ ఆ లెక్క మొదలవుతుంది, మనం భోగి మంట వేసేనాటికి సగం దాటుతుంది. తొలి మంచు పడిన రోజున నాతో పనిచేసిన ఒక కశ్మీరీ అమ్మాయి ఇప్పటికీ ఫోను చేసి "నవ్ శీన్ ముబారక్" అంటుంది. కొత్త మంచుకు వాళ్లు చెప్పుకునే శుభాకాంక్ష అది. సంక్రాంతికి నేను ఆమెకు ఫోను చేస్తాను.

మా రేవు దగ్గర ఎప్పటికీ తెగని వాదం ఒకటుంది: ద్రాస్ కష్టమా, లేహ్ కష్టమా? సుబేదారు గారు ద్రాస్ అంటారు. జోజిలా దాటగానే వచ్చే ఊరు అది. పడమటి నుంచి వచ్చే మబ్బు కనుమ దాటుతూ అక్కడ మంచు కుమ్మరిస్తుంది, ఇళ్ల కిటికీలు మునిగిపోతాయి. నేను లేహ్ అంటాను. అది చలి ఎడారి. మంచు తక్కువే పడుతుంది కానీ గాలిలో తడి ఉండదు. పెదవులు పగులుతాయి, ముక్కులోంచి రక్తం వస్తుంది, కొత్తగా వచ్చినవాడికి మెట్లెక్కితే ఊపిరి అందదు. సుబేదారు గారి రోజుల్లో రాత్రి లారీ ఆపితే రేడియేటరు నీళ్లు తీసేయాలి, లేకపోతే తెల్లారేసరికి గడ్డకట్టి పగులుతుంది. డీజిల్ చిక్కబడి గొట్టంలో దిగేది కాదట. ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల్లోనూ గడ్డకట్టని డీజిల్ తెచ్చిందని చదివి ఆయన చిన్నపిల్లవాడిలా సంతోషించారు. అప్పట్లో జోజిలా నవంబరులో మూస్తే మే దాకా తెరిచేవారు కాదు. 2025లో సరిహద్దు రహదారుల సంస్థవాళ్లు 32 రోజులకే మంచు తొలగించి ఏప్రిల్ 1న దారి తెరిచారు. ఆ వార్త ఆయన రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉన్నారు. ఆ యంత్రాలు నడిపిన పిల్లలకు దండం పెట్టాలని ఆయన మాట. నాదీ అదే మాట.

ఇవన్నీ పొద్దుపోని కబుర్లని అనుకోవద్దు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారని మీ పాఠకులకు తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఆ ఊరు సైన్యానికి మనుషులను ఇస్తోంది. ఆ ఒక్క ఊరే కాదు, డెల్టాలో ఏ వీధి చూసినా సైన్యంలోనో సరిహద్దు దళాల్లోనో కొడుకున్న ఇల్లు కనిపిస్తుంది. పిల్లవాడు మొదటిసారి చలికాలంలో కశ్మీరు వెళ్తే ఆ తల్లికి నిద్ర ఉండదు. ఇరవై డిగ్రీలకే దుప్పటి కప్పుకునే ఊళ్లో పెరిగిన పిల్లవాడు మరి!

ఆ మధ్య ఒక పత్రికలో పెద్ద అక్షరాలతో కశ్మీరు గడ్డకట్టిందని వేశారు. ఏ ఊళ్లో ఎంత అన్నది లేదు, ఎప్పటిదో కొండచరియల ఫొటో పక్కనే వేశారు. మా వీధిలో ఒకావిడ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆమె కొడుకు ఉన్నది జమ్ము దగ్గర, అక్కడ మంచే పడదు. ఆ సంగతి చెప్పాక గానీ ఆమె కూర్చోలేదు. ఫోనుల్లో తిరిగే వీడియోలు ఇంకా అన్యాయం, ఎప్పటి హిమపాతాన్నో నిన్నటిదని పంపుతారు. ఊరి పేరు, డిగ్రీలు, దారి తెరిచి ఉందా లేదా, ఈ మూడు మాటలు నమ్మకమైన పేపర్లో కనిపిస్తే ఆ తల్లి ఆ పూట అన్నం తింటుంది.

అంకెలు వేస్తే వాటిని చదవడం మేము నేర్పుతాం. ఉదాహరణకు, మంచు పడుతున్న రాత్రి తల్లులు భయపడతారు. నిజానికి మబ్బు కప్పి ఉన్న రాత్రి చలి అంతగా ఉండదు. నేల వేడి పైకి పోకుండా మబ్బు ఆపుతుంది. మంచు ఆగి, ఆకాశం విచ్చి, చుక్కలు కనిపించాయంటే ఆ రాత్రి అసలు చలి. 2024 డిసెంబర్ 20 రాత్రి శ్రీనగర్‌లో మైనస్ 8.5 డిగ్రీలు నమోదైంది. డిసెంబర్‌లో అంత చలి అయిదు దశాబ్దాలలో లేదన్నారు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజులవి. అందుకే వదినగారు మేనల్లుడికి ఫోను చేస్తే "మంచు పడుతోందా?" అని అడగరు, "చుక్కలు కనిపిస్తున్నాయా?" అని అడుగుతారు.

ఆసుపత్రిలో చూసినవి కొన్ని చెప్పాలి. వీటిని వీలైతే పట్టిక పక్కన వేయండి. చలికి వేళ్లు తెల్లబడి స్పర్శ పోతే, అంటే ఫ్రాస్ట్‌బైట్ వస్తే, రుద్దకూడదు. మంచుతో రుద్దితే తగ్గుతుందని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. అది పూర్తిగా తప్పు, దెబ్బతిన్న చర్మం ఇంకా చిట్లిపోతుంది. నిప్పు మీద కాచకూడదు, స్పర్శ లేని వేలికి కాలినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. మళ్లీ గడ్డకట్టే చోటికి నడిచి వెళ్లాల్సి ఉంటే మాత్రం అప్పుడే కరిగించకూడదు, ముందు మనిషిని సురక్షితమైన చోటికి చేర్చాలి. ఇక తడి మేజోళ్లు. బూటు విప్పడానికి బద్ధకించి పడుకున్న కుర్రాళ్ల కాళ్లు ఎన్ని కడిగానో! కొడుకుకు ఫోను చేసే ప్రతి అమ్మా "తిన్నావా?" అన్న తర్వాత "మేజోళ్లు మార్చావా?" అని అడగాలి.

దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి. మూసిన గదిలో బొగ్గుల కుంపటో, గ్యాసు హీటరో, బుఖారీయో (గది వెచ్చబెట్టే ఇనప పొయ్యి) పెట్టుకుని నిద్రపోకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. చలికాలంలో అక్కడ కుటుంబాలకు కుటుంబాలే నిద్రలో పోయిన సంగతులు ఉన్నాయి. ఇక్కడి నుంచి శీతాకాలం చూడాలని వెళ్లే కుర్ర జంటలు చాలామంది. చలికి తట్టుకోలేక కిటికీ సందులు కూడా గుడ్డతో మూస్తారు. దయచేసి ఒక సందు వదలండి.

పార్సెళ్ల సంగతి కూడా మా రేవు కబుర్లలో పెద్ద అంశమే. కోనసీమ తల్లి కొడుకుకు కొబ్బరినూనె పంపకుండా ఉండదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే గడ్డకడుతుంది. లేహ్ చేరేసరికి సీసాలో రాయిలా ఉంటుంది, తీయబోతే సీసా పగులుతుంది. నువ్వులనూనె పంపండి, ఒంటికీ కాళ్లకూ రాసుకోవచ్చు. నువ్వులనూనెతో పెట్టిన ఆవకాయ కూడా పంపవచ్చు. అరిసెలు గట్టిపడినా పరవాలేదు, బుఖారీ మూత మీద కాసేపు పెడితే మళ్లీ మెత్తబడతాయి. గదిలో నెయ్యి, బెల్లం వాసన నిండుతుంది. పంజాబు పిల్లలు, అస్సాం పిల్లలు కూడా చుట్టూ చేరతారు. వదినగారు లేసు అల్లే సూదితోనే ఉన్ని టోపీలు అల్లి పంపుతారు. నరసాపురం లేసు చేయి కదా, కుట్టు బిగువుగా ఉంటుంది, గాలి దూరదు.

మంచు రాకపోవడం కూడా మాకు దిగులే. 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు గడ్డి కనిపిస్తూ బోసిగా ఉండిపోయాయి. మంచు మీద జారే బండ్లు లాగి కూలి సంపాదించేవాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నెలాఖరుకు గానీ మంచు పడలేదు. నా కశ్మీరీ స్నేహితురాలు ఆ రోజుల్లో ఫోనులో ఏడ్చింది. యాపిల్ చెట్టుకు చలికాలం నిద్ర కావాలి, ఎండాకాలం వాగులకు ఆ మంచే నీళ్లు. చిల్లై కలాన్‌లో పడిన మంచు గట్టిపడి నిలుస్తుంది, మార్చిలో పడింది వారానికే కరిగిపోతుంది. మన దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, సీలేరు జలాశయం నీళ్లు ఎలాగో వాళ్లకు ఆ మంచు అలాగ అని చెబితే మా కౌలు రైతుకు వెంటనే అర్థమైంది. "మరైతే పడాలమ్మా" అన్నాడు. మర్నాటి నుంచి వచ్చీ రాగానే గుల్మార్గ్ సంగతి అడగడం మొదలుపెట్టాడు.

అతను అడగడానికి సొంత కారణమూ ఉంది. పడమటి గాలులు కశ్మీరులో మంచు కురిపించి వెళ్లాక ఉత్తరాది చలిగాలి కిందికి దిగుతుంది. అది బలంగా ఉన్నప్పుడు మన దాకా వస్తుంది. అప్పుడే ఇక్కడ దాళ్వా నారుమళ్లు ఉంటాయి. చలికి నారు ఎర్రబడి ఎదగదు. రాత్రి మడిలో నీళ్లు నిలబెట్టి, పొద్దున్నే ఆ చల్లటి నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పెట్టమని వ్యవసాయ శాఖవాళ్లు చెబుతారు. పైన మంచు పడి ఆకాశం విచ్చిందని తెలిస్తే రైతు నాలుగు రోజుల ముందే కాలువ వైపు ఒక కన్నేసి ఉంచుతాడు.

కనుక నాలుగు ఊళ్ల కనిష్ఠ ఉష్ణోగ్రత, మబ్బా నిర్మలమా అన్న ఒక్క మాట, జోజిలా దారి, జమ్ము నుంచి శ్రీనగర్ వెళ్లే బనిహాల్ దారి తెరిచి ఉన్నాయో లేదో ఒక వరుస వేయండి. ఉష్ణోగ్రతలు వాతావరణ శాఖ రోజూ ఇస్తుంది, దారుల సంగతి ట్రాఫిక్ పోలీసులు చెబుతారు. రెండంగుళాల చోటు చాలు. అక్షరాలు మాత్రం కాస్త పెద్దవి వేయండి, చదివేవాళ్లలో ఎక్కువమంది నా వయసువాళ్లే.

డిసెంబర్ 21 నాటికి మొదలుపెట్టగలిగితే చిల్లై కలాన్ మొదటి రోజు నుంచీ అందుతుంది. మీ నిర్ణయం ఏదైనా ఒక ముక్క రాయించండి. మాస్టారు రోజూ మీ పేపరు రేవుకు తెస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత మిలిటరీ నర్సు,
నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా