శనివారం 'పురానా మందిర్' ఎందుకు ఆపేశామంటే

శనివారం రాత్రి రామ్సే సోదరుల పాత హిందీ దెయ్యం సినిమా 'పురానా మందిర్' వేస్తామని చెప్పి, అరగంట ముందు ఆపేశాం. టికెట్ డబ్బులు తిరిగి పంపించాం. అందనివాళ్లు కౌంటర్‌లో అడగండి, ఇచ్చేస్తారు. కారణం మాత్రం మా హాలుకు ఏళ్లుగా వస్తున్న మీకు నేనే చెప్పాలి.

కాపీ ఇచ్చే ఆయన ఈసారి 'బాగుచేసిన' ఫైల్ పంపాడు. పెట్టి చూస్తే జగదీప్ కామెడీ మొత్తం లేదు. 'షోలే'కి పేరడీగా నడిచే ఆ ముక్క కథకు అడ్డం అనేవాళ్లున్నారు. కానీ భయపెట్టి, నవ్వించి, ఒక పాట పెట్టి, మళ్లీ భయపెట్టడమే రామ్సేల పద్ధతి. పైగా పాత ప్రింట్ గరుకు పోగొడతామని సినిమాలోని రాక్షసుడు సామ్రీ మొహాన్ని నున్నగా చేసేశారు. ఆ వేషం వేసిన అజయ్ అగర్వాల్ మొహం చూసి 1984లో జనం జడుసుకున్నారంటే, ఈ ఫైల్ చూసినవాళ్లెవరూ నమ్మరు.

ఫోన్ చేస్తే, "చవక సినిమాకి ఇంత పట్టింపా? నవ్వుకోడానికేగా వస్తారు" అన్నాడు. ఆ మాట ఇంకా మింగుడు పడట్లేదు.

1970లో ఎఫ్.యు. రామ్సే తీసిన సినిమా ఆడలేదు. అందులో పృథ్వీరాజ్ కపూర్ మాస్క్ తగిలించుకుని దొంగతనానికొచ్చే సీన్ దగ్గర మాత్రం జనం ఉలిక్కిపడ్డారు. ఆయన కొడుకులు, అంటే ఈ రామ్సే సోదరులే, అది గమనించారు. 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' తీశారు. దర్శకత్వం, కెమెరా, సౌండ్ అన్నీ అన్నదమ్ములవే. డబ్బు లేని చోట చేతిపని కనిపిస్తుంది. మేకప్ తెలిసిపోతోందని నవ్వుతాం, తలుపు కిర్రుమనగానే పక్కవాళ్ల చెయ్యి పట్టుకుంటాం. ఆ రెండూ ఒకే హాల్లో, నలుగురి మధ్య జరగాలి. అందుకే ఈ హాలు పెట్టాను.

హాలు నిండింది, అద్దె కట్టాల్సిన వారం. "వేసేద్దాం, ఎవరికి తెలుస్తుంది" అని మావాళ్లే అన్నారు. మీకు తెలుస్తుంది. తెలియకపోయినా, మొదటిసారి వచ్చినవాళ్లు సామ్రీ అంటే ఇంతేనా అనుకుని వెళ్లిపోతే నేను భరించలేను. చాలాసేపు తలపట్టుకుని, చివరికి నేనే బయటికొచ్చి చెప్పాను.

ఆయన సగం ధరకిస్తానన్నాడు. వద్దన్నాను, ఇకముందు కూడా తీసుకోను. పూర్తి కాపీ వేరేచోట అడిగాం. అది చివరిదాకా నేను చూశాకే తేదీ చెబుతాను. వచ్చే శనివారం మా దగ్గరున్న 'దో గజ్ జమీన్ కే నీచే' వేస్తున్నాం. అదే టైమ్, అదే రేటు.