సోమవారం సర్వర్ ఎందుకు ఆలస్యమైంది, పది నిమిషాల దారిని ఎందుకు కాదన్నాను

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులకు, కోల్డ్ స్టోరేజీల యజమానులకు, మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్లుగా నమ్ముకున్న ఖాతాదారులందరికీ నమస్కారం.

గత సోమవారం యార్డులో కాటాలు మొదలయ్యే వేళకు మా సర్వర్ సిద్ధంగా లేదు. మధ్యాహ్నం దాకా మీ గుమస్తాలు తక్‌పట్టీలను (రైతుకు ఇచ్చే అమ్మకపు లెక్క చీటీలను) చేత్తో రాసుకోవలసి వచ్చింది. సీజన్ మధ్యలో, రైతు డబ్బు కోసం కొట్టు ముందు నిలబడి ఉండగా అది ఎంత ఇబ్బందో నాకు తెలుసు. ఆ హడావుడిలో ఫోన్‌లో చెప్పలేకపోయిన కారణాలను ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

మీ లెక్కలన్నీ ఉన్నది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు ప్రోగ్రాంలో. అది 12వ వెర్షన్‌లో, ఉబుంటు 18.04 అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో పెద్ద వెర్షన్‌కు ఐదేళ్లపాటే సవరణలు వస్తాయి. 12కు ఆ గడువు 2024 నవంబరుతో తీరిపోయింది. ఉబుంటు 22.04 మీద 16వ వెర్షన్‌కు మారే పనిని యార్డు వేసవి సెలవులకు పెట్టుకున్నాం. ఇంతలో మాకు సర్వర్లు అద్దెకిచ్చే సంస్థ, పాత యంత్రాన్ని నెలాఖరుకు తీసేస్తున్నట్టు నోటీసు పంపింది. సరేనని, కొత్త యంత్రం శుక్రవారం సాయంత్రానికి ఇస్తామన్న వారి మాట మీద డబ్బు ముందే మొత్తం కట్టాం. శని, ఆదివారాలు యార్డుకు సెలవు గనుక ఆ రెండు రోజుల్లో నిదానంగా చేయవచ్చని లెక్క వేసుకున్నాం. శుక్రవారం రాత్రి గడిచింది, శనివారమంతా గంటలో ఇస్తామన్న జవాబే వచ్చింది, చివరికి ఆదివారం చీకటి పడ్డాక యంత్రం చేతికి వచ్చింది. ఆ ఆలస్యానికి వారి నుంచి నేటికీ ఒక్క సంజాయిషీ మాట లేదు. పైగా వారి టెక్నీషియన్, ‘డేటా ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేసి పీజీ అప్‌గ్రేడ్ నడపండి, అది పది నిమిషాల పని, అందరూ చేసేది అదే’ అని నాకు పాఠం చెప్పాడు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేసును పాత వెర్షన్ నుంచి కొత్తదానికి మార్చే పీజీ అప్‌గ్రేడ్ మంచి సాధనమే. లింక్ పద్ధతిలో అది డేటాను మళ్లీ రాయదు. పాత ఫైళ్లకు హార్డ్ లింకులు (అదే ఫైలుకు మరో పేరు) పెట్టి వాటినే కొత్త వెర్షన్‌కు అప్పగిస్తుంది కాబట్టి ఎంత పెద్ద డేటాబేసైనా నిమిషాల్లో ముగుస్తుంది. చిక్కంతా పోస్ట్‌గ్రెస్ కింద ఉన్న లైనక్స్‌తో వచ్చింది. మా డేటాబేసు అక్షరాల వరుసను, అంటే ఏది ముందు ఏది తరువాత అన్న క్రమాన్ని, లైనక్స్‌లోని జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ నుంచి తీసుకుంటుంది. ఆ వరుస 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28తో మారింది. ఉబుంటు 18.04లో ఉన్నది 2.27, 22.04లో ఉన్నది 2.35. పాత వరుసలో ‘11’ ముందు, ‘1-1’ తరువాత వచ్చేవి. కొత్త వరుసలో ‘1-1’ ముందు వస్తుంది. మీ లాట్ నంబర్లన్నింటిలోనూ ఆ అడ్డగీత ఉంది.

డేటాబేసులో ఇండెక్స్ అనేది ఖాతా పుస్తకం చివర రాసుకునే పేర్ల పట్టిక వంటిది. పాత వరుసలో రాసిన పట్టికను కొత్త వరుస ప్రకారం వెతికితే, ఉన్న లాట్ కూడా లేనట్టే కనిపించవచ్చు. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, ఆ నంబరు ఇదివరకే ఉందన్న సంగతి డేటాబేసుకు తెలియక, రెండోసారి ఎక్కించినా ఒప్పుకుంటుంది. అంటే ఒకే లాట్ తేజ రకం మిర్చి టిక్కీలకు (బస్తాలకు) రెండు పట్టీలు పడే అవకాశం ఉంది, అది నెలల తరువాత గానీ బయటపడదు.

కాపీ చేశాక ఇండెక్సులన్నీ తిరిగి కట్టుకుంటే సరిపోతుంది కదా అని తెలిసినవారు అడుగుతారు. అదీ సరైన దారే, పైగా తెల్లవారేలోపు అయ్యేది. ఆ రాత్రి నేను ఎటూ తేల్చుకోలేక ఎక్కువసేపు ఆగింది అక్కడే. కానీ పాత యంత్రంలో డేటా చెక్‌సమ్‌లు (డేటా చెడితే పట్టించే తనిఖీ అంకెలు) లేవు. డిస్కులో ఏ పేజీ అయినా చెడి ఉంటే ఫైళ్ల కాపీ దాన్ని కూడా మారు మాట్లాడకుండా మోసుకొస్తుంది. డంప్, అంటే డేటా మొత్తాన్ని చదివి వేరే ఫైలుగా రాసిన నకలు, తీసి కొత్త డేటాబేసులో మళ్లీ ఎక్కిస్తే ప్రతి రికార్డునూ చదివి తీరాలి, ఇండెక్సులు కొత్త క్రమంలో మొదటి నుంచి తయారవుతాయి, చెక్‌సమ్‌లు మొదటి రోజు నుంచే ఉంటాయి. సమయం పడుతుందని తెలిసే ఆ దారి ఎంచుకున్నాను. రెండు వైపులా ప్రతి టేబుల్‌లోని రికార్డుల సంఖ్యనూ, ప్రతి ఖాతా నిల్వనూ సరిచూశాం, అన్నీ కలిశాయి. కొత్త డేటాబేసుకు గణాంకాలు లేకపోతే రిపోర్టులు నత్తనడక నడుస్తాయి గనుక వాటిని సేకరించే అనలైజ్ కూడా ముగించాకే తలుపు తీశాం.

వేరే సాఫ్ట్‌వేర్ వారైతే పది నిమిషాల్లో ముగించేవారని సోమవారం ఒకరిద్దరు నాతో అన్నారు. ఆ మాట నన్ను నొప్పించింది. మీ రైతుల లెక్కల విషయంలో పది నిమిషాల దారి రేపు ఎవరు చూపించినా నేను చెప్పేది ఇదే జవాబు.

ఇక మీరు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. కొత్త సర్వర్‌లో పాస్‌వర్డులను స్క్రామ్ అనే మరింత భద్రమైన పద్ధతిలోనే ఉంచుతున్నాం, పాత ఎండీ5 పద్ధతి ఇక ఉండదు. అందువల్ల పాత ప్రోగ్రాం ఉన్న కంప్యూటర్లలో లాగిన్ కాదు; మా వాళ్లు కొట్టుకు వచ్చి మార్చి ఇస్తారు, దానికి రుసుము లేదు. సోమవారం చేత్తో రాసిన పట్టీల ఫొటోలు వాట్సాప్‌లో పంపితే మేమే ఎక్కిస్తాం. ఆ రోజు అద్దెను ఈ నెల బిల్లులో తగ్గిస్తున్నాం, సర్వర్ సంస్థ మాకు తిరిగి ఇచ్చినా ఇవ్వకపోయినా. పాత డేటాబేసు పూర్తి డంప్ బ్రాడీపేటలోని మా ఆఫీసులో భద్రంగా ఉంది.

16వ వెర్షన్‌కు 2028 నవంబరు వరకు సవరణలు వస్తాయి. తరువాతి మార్పు ఆ లోపు వచ్చే వేసవి సెలవుల్లోనే, వేరొక సంస్థ యంత్రం మీద జరుగుతుంది. ఆ యంత్రం మా చేతికి వచ్చి, పరీక్షించి చూసుకున్న తరువాతే మీకు తేదీ చెబుతాం.