నీ ఇంటిపేరు గురించి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాసేది.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోనని, నీకు నువ్వే చాలునని, సంస్కృతి అనేది పైన కట్టుకునే బట్ట వంటిదే తప్ప లోపలి మనిషికి దానితో పని లేదని రాశావు. మొదటి మాటకు నా పూర్తి అంగీకారం ఉంది. ఇంటిపేరు నీ ఇష్టం. చట్టం కూడా మార్చుకొమ్మని నిన్ను బలవంతపెట్టదు. చివరి మాటను మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. ఉట్నూరు ప్రాంతంలో ఉద్యోగం చేసిన కాలంలో గోండుల మధ్య చూసినదీ, వారిని గురించి చదివినదీ అందుకు అడ్డు వస్తున్నాయి.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో ఏటా పుష్య అమావాస్య నాడు గోండుల్లోని మెస్రం వంశస్థులు తమ నాగదేవత నాగోబాకు మహాపూజ చేస్తారు. అంతకుముందే కాలినడకన హస్తినమడుగుకు వెళ్లి గోదావరి జలం తెస్తారు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రం అక్కడి వంట. ఎన్ని కుటుంబాలు దిగినా పొయ్యిలు 22 మాత్రమే. తోచిన చోట రాళ్లు పేర్చుకుని వండుకోవడం ఉండదు. వంశంలో తమ శాఖ వంతు వచ్చినప్పుడే ఎసరు పెడతారు. అక్కడి పిల్లవాడికి తానెవరో ఎవరూ పాఠం చెప్పరు. ఆకలితో అమ్మ కొంగు పట్టుకుని వంతు కోసం ఎదురుచూస్తూ, తమతో పాటు ఎవరెవరు నిలబడ్డారో చూసి, తన వారెవరో వాడే తెలుసుకుంటాడు.

ఆ వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లకు తెల్లచీర కట్టించి, ముసుగు వేయించి, పెద్దలు దేవుడికి పరిచయం చేస్తారు. దానిని భేటింగ్ అంటారు. పెళ్లయి కాపురం చేస్తున్నా, ఈ పరిచయం జరిగే దాకా ఆమె నాగోబా పూజలో పాల్గొనదు. ఇందులో ఆమె ఇష్టానికి చోటెక్కడ అని నీవు అడుగుతావు. చోటు తక్కువే, ఆ సంగతి దాచను. అయితే అదే జాతరలో వంశపు ఆడపడుచులకూ పని ఉంది: అల్లుళ్లతో కలిసి నీళ్లు తెచ్చి మట్టితో పుట్టను చేసేది వారే. వేరే ఇంటికి వెళ్లిన కూతురు అక్కడ పరాయిది కాలేదు. ఆమె చేయవలసిన పని మారింది, అంతే. నీవు ఈనాడు అడుగుతున్న ప్రశ్నకు వారు ఏనాడో తమదైన జవాబు చెప్పుకున్నారు.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగిన తరువాత గోండుల స్థితిగతులను పరిశీలించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, వియన్నాలో పుట్టినవాడు, మార్లవాయి అనే గోండుల ఊళ్లో ఉండి వారి జీవితాన్ని వివరంగా గ్రంథస్థం చేశాడు. నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల సంతతిగా గోండులు నాలుగు సగలుగా, అంటే వంశాల సమూహాలుగా ఉంటారని, ఒకే సగలో పెళ్లి కుదుర్చుకోరని ఆయన రాశాడు. ఆ సగల పుట్టుక కథను గుర్తుంచుకుని, కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ పాడవలసిన బాధ్యత ప్రధాన్లు అనే గాయకులది. అంటే గోండు తానెవరన్నది మరొకరి నోట, నలుగురి నడుమ కూర్చుని వింటాడు. మనిషి గుర్తింపులో ఇతరుల వాటా ఎంతో ఇంతకన్నా స్పష్టంగా నేను మరెక్కడా చూడలేదు. పుట్టుక ఒక్కటే దీనికి ద్వారం కాదని కూడా చెప్పాలి: 1987లో హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ మరణిస్తే, ఆమె సమాధికి మార్లవాయి ఊరే చోటిచ్చింది.

మనం అలాంటి వాళ్లం కాదు, ఎవరికి వారమే అంటావేమో. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1938లోనే, 'నేను' అన్న భావనకు కూడా ఒక చరిత్ర ఉందని, వేర్వేరు సమాజాల్లో అది వేర్వేరు రూపాలు దాల్చిందని వాదించాడు. నీ సంగతే చూడు. బడిలో నీ పేరుతో హాజరు, నీ పేరుతో హాల్ టికెట్, నీ పేరుతో మార్కులు, ఇప్పుడు నీ ఖాతాలో పడే జీతం: ఇన్నేళ్లుగా ఇవన్నీ నిన్ను విడిగా లెక్కించాయి కనుకనే నీకు నువ్వే చాలుననిపించింది. ఆ భావన అబద్ధమని నేననను. నా కూతురికి అది దక్కినందుకు సంతోషిస్తున్నాను కూడా. అదీ నీకు నీ కాలమూ, నీ చదువూ నేర్పినదే. గోండు పిల్లవాడికి పొయ్యి దగ్గరి వంతు నేర్పినట్టే.

శుభలేఖలో నీ పేరు మన ఇంటిపేరుతోనే అచ్చు వేయిస్తాను. పెళ్లి తరువాత కాగితాలన్నింటిలోనూ అదే ఉండనీ. కాబోయే వియ్యంకులతో ఆ మాట నేనే చెబుతాను. అయితే వారింట కొత్త కోడలి చేత ఇలవేల్పుకు పూజ చేయించే ఆనవాయితీ ఉందని మీ అత్తగారు అమ్మతో అన్నారట. వినగానే తోసిపుచ్చకు. అది ఎప్పటి నుంచి ఉందో, అందులో ఇంటి ఆడపడుచులు ఏం చేస్తారో, కోడలిగా ఆమె చేత ఎవరు చేయించారో ఆవిడనే అడుగు. అన్నీ విన్న తరువాత కూడా నీకు మనసు ఒప్పకపోతే చేయనని చెప్పు. నేను నీ పక్షానే ఉంటాను.

ఇట్లు,
మీ నాన్న