పాలు పిండే వేళ ఇంజన్ మోత: పౌర విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారాలు.

అయ్యా, నేను మానవరహిత విమానాలకు, అంటే డ్రోన్లకు, పెట్రోలు ఇంజన్లు బిగించే పనిలో ఉన్నాను. హైదరాబాద్ శివార్లలో మాదో రేకుల షెడ్డు. అందులో రోటరీ ఇంజన్‌ను స్టాండుకు బిగించి గంటల తరబడి తిప్పి చూస్తాం. ఒక సాయంత్రం పక్క చేను ముసలమ్మ గేటు దగ్గరికొచ్చింది. తిట్టలేదు. "బిడ్డా, మీ మిషిని బందయ్యేదాంక మా బర్రె చేపుతలేదు" అని మాత్రం అంది. అప్పటి నుంచి పాలు పిండే వేళకి ఇంజన్ ఆపేస్తున్నాం. అలా ఆపమని మాకు ఏ కాగితమూ చెప్పలేదు. ఆ కాగితం కోసమే ఈ ఉత్తరం.

రోటరీ అంటే మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లో సిలిండర్లే గిరగిరా తిరిగిన ఇంజన్ కాదు. నేను చెబుతున్నది 1957లో జర్మనీలో మొదటిసారి నడిచిన వాంకెల్ ఇంజన్. నడుం నొక్కినట్టుండే గదిలో మూడు మూలల రోటర్ తిరుగుతుంది. తేలిక, వణుకు తక్కువ. అందుకే డ్రోన్ల వాళ్లకి ముద్దు. మన దేశంలో తయారైన నిశాంత్ డ్రోన్ కోసం చేసిన 55 హార్స్‌పవర్ వాంకెల్ ఇంజన్ 2009లో కోలార్ దగ్గర గాల్లోకి లేచింది కూడా.

చిక్కంతా పొగ బయటికెళ్లే దారిలో ఉంది. మామూలు ఇంజన్‌లో వాల్వ్ కాస్త నెమ్మదిగా తెరుచుకుంటుంది. దీనికి వాల్వే లేదు. రోటర్ అంచు రంధ్రం దాటిందో లేదో, లోపలి ఒత్తిడంతా ఒక్కసారిగా బయటపడుతుంది. చెవికి అది పొగలా కాదు, టపాసులా వినిపిస్తుంది. షాఫ్టు తిరిగిన ప్రతిసారీ ఒక రోటర్‌కు ఒక పేలుడు. నిమిషానికి 6,000 చుట్లంటే సెకనుకు 100 టపాసులు. పైగా ఇంధనం కొంత బయటికొచ్చాక కూడా మండుతూనే ఉంటుంది కాబట్టి వేడి కూడా ఎక్కువే.

బండికి వేసే సైలెన్సర్ వేస్తే పోలేదా అంటారు. వేశాం. కొన్నాళ్లకి మోత మళ్లీ మొదటికొచ్చింది. విప్పి రంపంతో నిలువునా కోశాం. లోపల కుక్కిన గాజు ఉన్ని చిటికెడు కూడా మిగల్లేదు. చిల్లుల గొట్టం అంచులు చెదలు తిన్న చెక్కలా ఉన్నాయి. ఒక వెల్డింగ్ అతుకు జుట్టు మందాన చీలింది. ఇంకొనెల్ లాంటి నికెల్ మిశ్రమ లోహమైతే ఆ వేడికి తట్టుకుంటుంది, కానీ దాని ధర చిన్న షెడ్డు భరించేది కాదు. పోనీ పొగ దారి ఇరుకు చేసి శబ్దం నొక్కుదామంటే, బయటికెళ్లాల్సిన పొగ వెనక్కి తన్ని కొత్త మిశ్రమంలో కలుస్తుంది. ఇంజన్ ఐడిల్‌లో తడబడుతుంది. పెద్ద డబ్బా పెడదామంటే ఆ బరువు కెమెరా వాటాలోంచి పోతుంది.

ఇంకో సంగతి. ప్రొపెల్లర్, ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) రెండూ సమానంగా మోగుతుంటే, ఎగ్జాస్ట్‌ను పూర్తిగా నోరు మూయించినా తగ్గేది 3 డెసిబెల్సే. కాబట్టి "మా సైలెన్సర్ అద్భుతం" అని అమ్మేవాళ్ల మాట నమ్మడానికి లేదు. ఎగిరే విమానాన్ని మొత్తంగా కొలవాలి.

అలా కొలిచే పద్ధతి కొత్తగా కనిపెట్టక్కర్లేదు. చిన్న ప్రొపెల్లర్ విమానాలకి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) అనుబంధం 16 ప్రకారం, పరుగు మొదలైన చోటి నుంచి 2,500 మీటర్ల దూరాన మైకు పెట్టి టేకాఫ్ శబ్దం కొలుస్తారు. జర్మనీలో సెస్నా లాంటి చిన్న విమానాలకి కూడా అదనపు సైలెన్సర్లు బిగించుకుని తిరుగుతారు. మేం మా యంత్రాన్ని పరీక్షకి పట్టుకెళ్లినప్పుడు మాత్రం బరువు అడిగారు, బ్యాటరీ అడిగారు, ఎంత ఎత్తు ఎగురుతుందో అడిగారు. ఎంత మోగుతుందో ఎవరూ అడగలేదు.

నేను నిషేధం కోరడం లేదు. నిషేధిస్తే ముందు పోయేది నా ఉద్యోగమే. 2021 డ్రోన్ నియమాలు 500 కిలోల దాకా యంత్రాలకి వర్తిస్తాయి కదా. వాటిలో ఇంధనంతో నడిచేవాటికి టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌ను పరీక్షించి ఇచ్చే ఆమోద పత్రం) ఇచ్చేటప్పుడు, నిర్ణీత ఎత్తులో దాటిపోతుండగా ఎన్ని డెసిబెల్స్ అన్నది కొలిచి అందులో రాయించండి. మొదట్లో పరిమితి పెట్టకపోయినా ఫర్వాలేదు, అంకె బయటపడితే కొనేవాడే పోల్చి చూసుకుంటాడు. మైకులు, కొలత పరికరాలు, ప్రొపెల్లర్ మార్చి చూసే స్టాండు మాలాంటి వాళ్లు అద్దెకి వాడుకునేలా ఒక్క చోటైనా ఏర్పాటు చేయించండి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఇంజన్ పరీక్ష షెడ్లకి అనుమతిచ్చేటప్పుడు ఆ అంకెలతో పాటు వేళలు కూడా రాయించండి.

మీరూ ఇంజనీరింగ్ చదివినవారే. మీ శాఖ నుంచి ఎవరైనా వస్తామంటే కోసిన సైలెన్సర్ బల్ల మీదే ఉంది, చూపిస్తాను. ఇంజన్ కూడా నడిపి వినిపిస్తాం, సాయంత్రం పాలు పిండడం అయ్యాక.

ఇట్లు,
ఒక ఇంజన్ మెకానిక్,
హైదరాబాద్